పులిమడుగు తండాలో అంతర్యామి

అడవి అంచున ఉన్న ఆఖరి గడపకు కూడా కంప్యూటర్ చేర్చిన ఘనత దేశ చరిత్రలో ఒక్క మా మంత్రిగారికే దక్కింది. ఈ మాట నేను అనడం లేదు. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారే మైకులో అన్నారు, నేను రాసుకున్నాను. నా పేరు అహ్మద్ పాషా. టేకులపల్లి దాటాక అడవి దారిలో ఒక చిన్న సెంటర్‌లో జిరాక్స్ షాపు నడుపుకుంటూ, ఒక దినపత్రికకు వార్తలు పంపుతుంటాను. పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయడంలో నాకు ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది.

పథకం పేరు 'ఇంటింటా జ్ఞానదీపం'. తొలి విడతకు పులిమడుగు తండాను ఎంపిక చేశారు. తండాకూ మా రోడ్డుకూ మధ్య వాగు ఉంది. వాగు మీద వంతెన లేదు. అందుకని నలభై రెండు కంప్యూటర్లను ట్రాక్టర్ ట్రాలీకెక్కించి మోకాలి లోతు నీళ్లలోంచి దాటించారు. ట్రాక్టర్ అవతలి ఒడ్డెక్కగానే మంత్రిగారు, "సాంకేతిక విప్లవానికి ఏ వాగూ అడ్డం కాదు" అన్నారు. ఇవతలి ఒడ్డునే నిలబడి అన్నారు. ఆ రోజు ఆయన బూట్లు కొత్తవి.

ప్రతి ఇంటికీ కంప్యూటర్‌తో పాటు ఉచిత ఇంటర్నెట్, కరెంటు పోయినా ఆరకుండా పెద్ద బ్యాటరీ ఇచ్చారు. షరతు ఒక్కటే. ఎట్టి పరిస్థితిలోనూ స్విచ్ ఆపరాదు. "స్విచ్ ఆపితే జ్ఞానం ఆగిపోతది" అని పథకం టెక్నికల్ ఆఫీసర్ జగదీష్ గారు గడప గడపకూ తిరిగి చెప్పారు.

భద్రు అనే రైతు ఇంట్లో ముగ్గురుంటారు. భద్రు, డెబ్బై దాటిన అతని తల్లి రూప్లి, కూతురు సంగీత. సంగీత కొత్తగూడెంలో కంప్యూటర్ డిగ్రీ చేసి, రెండేళ్లుగా పత్తి ఏరుతోంది. కంప్యూటర్ ఇంటికొచ్చిన వారానికి భద్రు అన్నం తింటూ, "ఈ మంత్రికి ఓటేసుడు కంటె దాన్ని వాగుల పారేసుడు నయం" అన్నాడు. మూడో రోజు పార్టీ మండల నాయకుడు రమణ మోటార్ సైకిల్ మీద దిగాడు.

"భద్రన్నా, ఓటు వాగుల పారేస్తనన్నవంట?"

భద్రు చేతిలోని చెంబు కింద పెట్టాడు. "నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తేంది? అన్నవా లేదా?"

"మా ఇంట్ల, అన్నం తినుకుంట అన్న."

"అవ్. పప్పుల ఉప్పు తక్కువైందని గూడ అన్నవ్. దాని మీద ప్రభుత్వానికి అభ్యంతరం లేదు."

ఆ నెలలోనే పోడు భూముల పట్టాల జాబితా వచ్చింది. తాతల నాటి నుంచి దున్నుతున్న మూడెకరాలకు భద్రు పేరు లేదు. నన్ను తోడు తీసుకుని మండలాఫీసులో పట్టాల సెక్షన్‌కు వెళ్లాడు. అక్కడి క్లర్కు హేమలత మేడం ఎంతో ఓపికగా కంప్యూటర్‌లో వెతికారు.

"మీ పేరు ఉండెనండీ. అభ్యంతరం వచ్చి ఆగింది."

"ఎవల కాన్నుంచి మేడం?"

ఆమె కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశారు. "మీ ఇంటి నుంచే."

ప్రజలు గడప దాటకుండానే తమ మీద తాము ఫిర్యాదు చేసుకునే సౌకర్యం ఇంకే రాష్ట్రంలోనైనా ఉందా అని నేను ముచ్చటపడ్డాను. సంగీత ముచ్చటపడలేదు. ఇంట్లో ఎవరూ ముట్టకుండానే నెట్ మధ్యాహ్నానికల్లా అయిపోతోందని ఆమె అప్పటికే గమనించింది. ఆ రోజు కూర్చుని కంప్యూటర్ లోపలంతా గాలించింది. ఏ జాబితాలోనూ కనబడకుండా, తెర మీద గుర్తు కూడా లేకుండా, లోపల ఒక ప్రోగ్రాం నడుస్తోంది. ఇంట్లో వినబడిన ప్రతి మాటనూ రికార్డు చేసి ఎక్కడికో పంపుతోంది. దాని పేరు 'అంతర్యామి'.

సంగీత దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుంది. ఇద్దరం జగదీష్ గారి దగ్గరికి వెళ్లాం.

"దీన్ని ఎవలు పెట్టిండ్రు సార్?" అని అడిగింది.

జగదీష్ గారు ఫోటో చూసి కళ్లకు అద్దుకున్నంత పని చేశారు. "అంతర్యామి అంటే ఎవరమ్మా? అందరి లోపల ఉండేటోడు. ఆయన్ని ఒకరు పెట్టేదేంది?"

"మాకు చెప్పకుండ మా మాటలు వింటాంది సార్."

"చెప్తే మీరు సహజంగ మాట్లాడరు గద. డేటా ఖరాబైతది."

"అయితే తీసేస్త."

"తీసెయ్యమ్మా. కంప్యూటర్ వాపస్ ఇయ్యి. బ్యాటరీ గూడ."

సంగీత ఫోన్ వెనక్కి తీసుకుంది. తండాలో పొద్దుగూకితే కరెంటు ఉండదు. నలభై రెండిళ్లలోనూ ఆ బ్యాటరీ మీదే బల్బు వెలుగుతోంది. నేను ఆ వారం 'ప్రజల మాట వినే ప్రభుత్వం' అని వార్త రాశాను. నా ఇరవై రెండేళ్లలో అక్షరాలా నిజమైన శీర్షిక అదొక్కటే.

తండా వాళ్లు తెలివైనవాళ్లు. మర్నాటి నుంచి ఇళ్లలో తెలుగు మానేసి, పూర్తిగా లంబాడీలోనే మాట్లాడుకోసాగారు. అంతర్యామికి తెలుగు, హిందీ, ఇంగ్లీషు వచ్చు. లంబాడీ రాదు. రాజధానిలో గోడంత తెర మీద పులిమడుగు ఉన్న చోట ఎర్ర దీపం వెలిగింది. 'అర్థంకాని మాటలు: తొంభై ఏడు శాతం' అని కింద రాసి ఉంది. మంత్రిగారు సమీక్షా సమావేశంలో గంభీరంగా ఒక మాట అన్నారు. "అర్థమయ్యేటట్టు తిట్టే జనంతోటి భయం లేదు. అర్థం గాకుండ మాట్లాడేటోళ్ల తోటే డేంజర్."

వెంటనే ఒక అనువాదకుల పోస్టు మంజూరైంది. లంబాడీ, తెలుగు, కంప్యూటర్ మూడూ వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కల ఒక్కరే ఉన్నారు. ఆర్డర్ సంగీతకే వచ్చింది. ఆఫీసుగా మా షాపు వెనక గది కిరాయికి తీసుకున్నారు కాబట్టి, ఆ తర్వాత జరిగినవన్నీ నాకు దగ్గరగా తెలుసు.

"మన మాటలు మనమే మోసుకపోయి వాళ్లకిచ్చుడా బిడ్డా?" అన్నాడు భద్రు.

"నేను గాకుంటె ఇంకోడు మోస్తడు బాపూ," అంది సంగీత. "వాడు ఉన్నదున్నట్టు మోస్తడు."

విన్నది ఎక్కడా చెప్పనని ఆమె చేత ప్రమాణం చేయించారు. మొదటి రోజు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోగానే వచ్చిన మొదటి గొంతు నాయనమ్మది. రూప్లికి పొద్దున్నే ఇల్లూడుస్తూ, తెర మీద నవ్వుతున్న మంత్రిగారి ఫోటోతో మాట్లాడే అలవాటు ఏర్పడింది.

"వీని కాళ్లు విరగ" అంది రూప్లి. సంగీత కాసేపు ఆలోచించి, 'మంత్రిగారు ఇక తిరిగి తిరిగి అలసిపోకూడదు' అని టైప్ చేసింది.

"వీని కొంప కూల" అంది రూప్లి. 'మంత్రిగారు పాత ఇంటి స్థానంలో కొత్తది కట్టుకోవాలి.'

"వీని నోట్లె మన్ను వడ." 'మంత్రిగారి నోట మట్టి మనుషుల మాటే రావాలి.'

నెల తిరక్కుండా పులిమడుగు మీద పచ్చ దీపం వెలిగింది. ప్రజా సంతృప్తి నూటికి నూరు శాతం. మట్టి మనుషుల మాటను మంత్రిగారు ఫ్రేం కట్టించి ఛాంబర్‌లో పెట్టుకున్నారు. భద్రు మీద ఉన్న అభ్యంతరం దానంతటదే తొలగిపోయి పట్టా చేతికొచ్చింది. కాగితం చూసుకుని భద్రు ఏడ్చాడు. సంగీత నాయనమ్మను కావలించుకుని నవ్వింది. ఎందుకు నవ్వుతోందో రూప్లికి తెలియదు. వెనక నుంచి రమణ వచ్చి ముగ్గురికీ మిఠాయి పంచి, ఫోటో తీయించుకున్నాడు.

ఆ తర్వాత వంతెన ఫైలు వెనక్కొచ్చింది. అంచనాలు ఎప్పుడో తయారై సంతకం కోసం పైకి వెళ్లిన ఫైలు అది. మీద ఇలా రాసి ఉంది: 'గత ఏడు నెలల్లో తండావాసులు తమ ఇళ్లలో వంతెన ప్రస్తావన ఒక్కసారి కూడా తేలేదు. ఆశీస్సులు మాత్రమే అందుతున్నాయి. అవసరం లేనట్టుంది.'

ఆ కాగితాన్ని నా షాపులోనే జిరాక్స్ తీశారు. సంగీత చదివి స్టూలు మీద కూలబడింది.

"రోజూ అన్నరు అన్నా. ప్రతి ఇంట్ల అన్నరు. వంతెన మాట ఎత్తంగనే పక్కన తిట్టు ఉంటది. తిట్టు తీసేసేటప్పుడు వంతెన గూడ పోయింది."

ఆషాఢంలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున భద్రు వాళ్ల పక్కింటి కోడలు చాందికి నొప్పులు మొదలయ్యాయి. తొలి చూలు. వాగు రెండు నిలువుల ఎత్తున పారుతోంది. అంబులెన్స్ ఇవతలి ఒడ్డున ఆగింది. నేనూ అక్కడే ఉన్నాను, కెమెరాతో. చాందిని మంచం మీద మోసుకుని అవతలి ఒడ్డుకు తెచ్చి, మిర్చి మీద కప్పే ప్లాస్టిక్ పట్టా పైన పట్టి, నీళ్లు తగ్గుతాయని మధ్యాహ్నం దాకా చూశారు. తగ్గలేదు. ఆ పట్టా కిందే రూప్లి కాన్పు చేసింది. బిడ్డ ఏడ్చిన చప్పుడు వాగు హోరులో మాకు వినబడలేదు. రూప్లి రెండు చేతులూ పైకెత్తి చూపిస్తే తెలిసింది. చాందికి మాత్రం రక్తం ఆగలేదు. లారీ ట్యూబులు కట్టి సాయంత్రానికి దాటించారు. దవాఖానాలో నాలుగు రోజులు చావుతో కొట్లాడి బతికింది.

అనువాదం అక్కర్లేని శబ్దాలను అంతర్యామి తానే వర్గీకరిస్తుంది. ఆ పొద్దున చాంది ఇంట్లో వేసిన కేకలన్నీ ఒక్క పద్దు కింద చేరాయి. 'ఉత్సాహం: అత్యధికం.' మర్నాడు తండాలోని అన్ని తెరల మీదా మంత్రిగారి సందేశం వచ్చింది: 'మీ ఉత్సాహానికి ధన్యవాదాలు.'

సంగీత ఆ రోజు గది తలుపు వేసుకుని చాలాసేపు టైప్ చేసింది. ఏం రాసిందో నేను అడగలేదు.

వాగు తగ్గాక మంత్రిగారు తండాలో సభ పెట్టారు. తండావాసుల మనసులోని మాటలను స్వయంగా చదివి వినిపిస్తారని ప్రకటించారు. ఆయనకు ముందుగా చదువుకునే అలవాటు లేదు. జగదీష్ గారు అందించిన కాగితం విప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"రూప్లి అనే పెద్దమ్మ మాటలు ఇవి. 'కంప్యూటర్లను దాటించినవ్. కనే పిల్లను దాటించకపోతివి. ఓట్లకు వస్తవు గద, ఆ దినం వాగు నిండాలె. నువ్వు నడుమ ఉండాలె!'"

'నడుమ ఉండాలె' దగ్గర మంత్రిగారు పిడికిలి కూడా ఎత్తారు. రమణ చప్పట్లు కొట్టాడు. అలవాటు కొద్దీ అందరూ కొట్టారు. తర్వాత ఒక్కొక్క చెయ్యీ ఆగింది. ముందు వరసలో రూప్లి మాత్రం కొడుతూనే ఉంది. జగదీష్ గారు ఆకాశం వైపు చూడసాగారు.

మంత్రిగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "ఇది రాసిన పిల్ల ఏది?" అన్నారు.

సంగీతను పిలిపించారు. భద్రు ఇంటి గడప దాకా వచ్చి, లోపల తెర మీద తన ఫోటో చూసి వెనక్కి తగ్గి, ఇంటి వెనక పశువుల కొట్టం దగ్గరికి నడిచారు. అందరి ఫోన్లూ రమణ చేతికిచ్చి వాగు దాకా పంపేశారు. నేను పత్రికవాణ్ని కదా అని వెంట ఉన్నాను. భద్రు పరుగున వచ్చి చేతులు జోడించాడు.

"సార్, పిల్ల తప్పు లేదు. పట్టా గావాలంటె తీస్కోండ్రి."

మంత్రిగారు అతన్ని చూడనేలేదు. గొంతు బాగా తగ్గించి సంగీతను అడిగారు.

"మీ భాష ఆ మిషన్‌కు నిజంగ సమజ్ కాదా?"

"కాదు సార్."

"నువ్వు రాసిందే పైకి పోతది?"

"అవ్ సార్."

"చెక్ చేసేటోళ్లు ఇంకెవలు లేరు?"

"లేరు సార్."

మంత్రిగారు ఎన్నాళ్ల నుంచో బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు వదిలారు. గేదె పక్కన గడ్డి మీద కూర్చున్నారు. అప్పుడు, అంత పెద్ద మనిషి, పెళ్లిలో అన్నం అడిగినంత మొహమాటంగా అడిగారు.

"మా ఇంటికి గూడ ఒకటొచ్చిందమ్మా. పైనుంచి, గిఫ్టు. నాకు మీ మాట నేర్పుతవా? శానా అక్కర్లే. మనసుల ఉన్నది మా ఇంటామెతో చెప్పుకునేటన్ని చాలు."

సంగీత వాగు వైపు చూసింది.

"వంతెన సార్," అంది.

మంత్రిగారు నోరు తెరిచారు. అటూ ఇటూ చూసి మూశారు. తల మాత్రం ఊపారు.

పది రోజుల్లో శంకుస్థాపన జరిగింది. 'లంబాడీ భాషపై మంత్రిగారి మమకారం' అని నేను మూడు కాలాల వార్త రాశాను. ప్రతి ఆదివారం ఆయన తండాకు వచ్చి రూప్లి దగ్గర పాఠం చెప్పించుకుంటున్నారు. మంత్రుల గురించి రూప్లికి ఒక్క రకం మాటలే వచ్చు. ఆయన వాటిని శ్రద్ధగా నేర్చుకుంటున్నారు.

మొన్న సోమవారం సంగీత హెడ్‌ఫోన్‌లోకి కొత్త ఇంటి నంబరు నుంచి ఒక రికార్డింగ్ వచ్చింది. ఆమె రెండుసార్లు విని, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"యాస బాగలేదు గని," అంది, "మాట సాఫ్‌గనే ఉంది."

"ఎవల్ని అన్నడు?" అని అడిగాను.

వేలు పైకి చూపించింది.

"మరి తెలుగుల ఏమని రాసినవ్?"

"ఇంక రాయలే పాషా అన్నా," అంది సంగీత. "పిల్లర్లు లేస్తున్నయ్. స్లాబ్ పడేదాన్ని బట్టి రాస్త."