నలుపు తెలుపుల్లో నర్సింలు

ఆ రోజు ఉదయం నర్సింలుకున్న పనులు రెండే. మూడు రోజులుగా నిలబడుతున్న లేబర్ ఆఫీసు లైన్లోనే నిలబడి తన పని కొనసాగింపు కాగితం మీద ముద్ర వేయించుకోవడం, సాయంత్రం నమాజులోపు దాన్ని తనకు పూచీ ఉన్న యజమాని, కఫీల్ అబూసాలెహ్ చేతిలో పెట్టడం. పరదేశీ పనివాళ్లను తగ్గించే నితాఖత్ చట్టం గడువుకు అదే ఆఖరి రోజు. జెద్దా షరఫియా పేటలోని అతని ఫోటో స్టూడియోలో అలాంటివాళ్లు ఇద్దరు. ఇక మీదట ఒక్కరే ఉండాలట. కంప్యూటర్ మీద నిమిషానికి నాలుగు రంగు ఫోటోలు తీసే రఫీక్‌ను కాదని, కఫీల్ నర్సింలునే ఉంచుకుంటానన్నాడు. చనిపోయిన తన తండ్రికి ఒకప్పుడు నర్సింలు తీసిన నలుపు తెలుపు ఫోటో అంటే ముసలాయనకు ప్రాణం.

నర్సింలుకు కావలసింది ఉద్యోగం కంటే స్టూడియో వెనక ఫిల్ములు కడిగే చీకటిగది. తన ఊరి దగ్గరి జగిత్యాలలో అలాంటి గదులన్నీ ఏనాడో జిరాక్స్ సెంటర్లయ్యాయి. ఇది పోతే అతనికి చేతనైన పనికి ఇక చోటు లేదు. ఎవరు ఉండేదీ తేలేదాకా రఫీక్ పనికి రావడం లేదు. కెమెరా ఫోన్లను ఆఫీసులోకి రానివ్వరని తన ఫోన్‌ను స్టూడియోలోనే వదిలి, షట్టర్ దించి, తెల్లారకముందే బయల్దేరాడు.

అసలు పొరపాటు వారం కిందటే జరిగింది. ఇరవై రెండేళ్లుగా వేలమంది ముఖాలు తీసినవాడికి అకామా గుర్తింపు కార్డు మీద తప్ప తన ఫోటో లేదు. ఒక శుక్రవారం కిటికీ వెలుగులో కూర్చుని, టైమర్ పెట్టి, తన ఫోటో తనే తీసుకున్నాడు. సన్న కుంచెతో కళ్ల కింద ముడతలు చెరిపితే పదేళ్లు తగ్గాయి. పెద్ద ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి, అద్దం మీద గీతలు పడకుండా తెల్లబట్టలో చుట్టి, తమ వైపు ఊరికి వెళ్లిపోతున్న తోటి వలసకూలీ స్వామి చేతికిచ్చాడు. రెండో ప్రింటును పక్క హోటల్ గోడకు తనే తగిలించాడు.

స్వామి సరిగ్గా గడువు రోజు పొద్దునే నర్సింలు ఊరు చేరాడు. నర్సింలు భార్య ముత్యవ్వ ఇంట్లో లేదు. మూటను పక్కింటి గౌరవ్వకిచ్చి, తన ఊరి బస్సు పోతుందని పరుగెత్తాడు. గౌరవ్వ తెల్లబట్ట విప్పింది. ఆ ఊళ్లో బతికున్నవాళ్లు రంగుల్లోనే ఉంటారు. నలుపు తెలుపుల్లో, ఫ్రేములో, అంత పెద్దగా ఉన్నాడంటే ఆ మనిషికి దండ వేయడమే మిగిలినట్టు. ఆమె ఏడుపుకు వాడంతా చేరింది. ముత్యవ్వ పొలం నుంచి పరుగున వచ్చి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు.

ఎవరో ఆమెకు జెద్దాలోని తెలుగు సంఘం కార్యదర్శి జనార్దన్ నంబరిచ్చారు.

"దాసిపెట్టకుండ్రి సారూ. పటం గూడ పంపిండ్రు. ఆఖరిసారి మొఖమన్న సూపియ్యుండ్రి."

"మీరు ధైర్యంగా ఉండండమ్మా. పేపర్లన్నీ నేను చూసుకుంటాను" అన్నాడు జనార్దన్. మనిషి నిజంగా పోయాడా అని అడగడం అతనికి తోచలేదు. హోటల్లో కనుక్కుంటే మూడు రోజులుగా చూడలేదన్నారు. దించిన షట్టర్ వెనక ఫోన్ మోగుతూనే ఉంది. జనార్దన్ కఫీల్‌కు కబురు చేసి, హోటల్లో సంతాప సభ ఏర్పాటు చేశాడు.

నర్సింలు ముద్ర వేయించుకుని స్టూడియో దగ్గరికి వచ్చేసరికి గడువుకు ఇంకా గంట టైముంది. హోటల్ నిండా జనం. గోడమీద తన ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. గడ్డం మాసి, దుమ్ము కొట్టుకుపోయిన మనిషిని ఎవరూ గుర్తుపట్టలేదు.

"అకామా ఫోటోల గూడ నన్ను మనిషి లెక్క దీసిండన్న" అంటున్నాడొక మేస్త్రీ.

"వెలుగూ నీడా తెలిసిన కళాకారుడండీ. మనమే గుర్తించలేకపోయాం" అన్నాడు జనార్దన్.

ఇరవై రెండేళ్లలో నర్సింలు విన్న మాట "భాయ్, జల్దీ" ఒక్కటే. అతని కళ్లు నిండాయి. ముందుకు వెళ్లబోయాడు.

"కూసోరాదె, ఇంక ఇద్దరు మాట్లాడేదుంది" అన్నాడు పక్కనున్నవాడు అటు చూడకుండానే.

నర్సింలు కూర్చున్నాడు. ఆ ఇద్దరి మాటలూ విన్నాడు. తర్వాత మరో ముగ్గురివి కూడా విన్నాడు. మౌనం పాటించే వేళకు గాని కాగితం గుర్తు రాలేదు. లేచి దగ్గి, నర్సింలును నేనేనన్నాడు. సగం మంది బయటికి పరుగెత్తారు.

"ముందే చెప్పాలి కదండీ" అన్నాడు జనార్దన్ కాస్త నొచ్చుకుని.

సభకు అప్పుడే వచ్చిన కఫీల్ నర్సింలును కావలించుకుని ఏడ్చాడు. తర్వాత తల దించుకున్నాడు. గడువు దాటితే చోటే పోతుందని, అరగంట క్రితమే రఫీక్ పేరు కంప్యూటర్లో ఎక్కించాడట. ఎక్కిన పేరు ఇక దిగదు. ఆ పేరు ఎక్కే వేళకు తను హోటల్లోనే కూర్చుని తన పొగడ్తలు వింటున్నాడు. నర్సింలుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అంతకంటే బాధేమిటంటే, మళ్లీ అలాంటి సభ పెడితే మళ్లీ కూర్చుంటాడని అతనికి తెలుసు.

ఆ సాయంత్రం చీకటిగది తలుపు మూసి ఇంటికి ఫోన్ చేశాడు. ముత్యవ్వ చాలాసేపు ఏడ్చింది.

"రంగులల్ల దిగితె ఏంబోయె నీకు?"

"రంగులల్ల గంత మంచిగ రాదే."

"ఎప్పుడొస్తవు?"

"ఇగ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర గొడ్తరు. వారంల వస్త."

హోటల్ వాళ్లు దండ తీసేశారు, సంఘం సంతాప తీర్మానాన్ని రద్దు చేసింది. ఫోటో మాత్రం బాగా వచ్చిందన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు.