గుంటకు వచ్చిన చుట్టం

ఆ పొద్దున జంపక్క అనుకున్నది ఒక్కటే: చిక్కుడు పాదుకు నాలుగు చెంబుల నీళ్ళు పోసి, గంజి తాగి, ములకలపల్లి సంతకు పోవాలని. అంతలో పంచాయతీ కార్యదర్శి సుజాత వచ్చి, బండి దిగకుండానే కేకేసింది.

"అవ్వా, రేపు ఖమ్మం నుంచి పెద్ద సారు వస్తుండు. మన మురుగు గుంట చూస్తడంట. మంచిగ పనిచేస్తున్నదంటే ఉంచుతరు, లేదంటే మూసేస్తరు. జర చూస్కో!"

ముప్పై ఇళ్ళ స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు కాలువలో వచ్చి ముందు తొట్టిలో పడతాయి. అక్కడి నుంచి కంకరలో పెంచిన మెట్టతామర మొక్కల వేళ్ళ గుండా మెల్లగా జారి, చివరి తొట్టిలో తేటగా తేలతాయి. దాని కాపలా జంపక్కదే. ఆ గుంట రాకముందు ఊరి మురుగంతా ఆమె గడప ముందే నిలిచేది. దోమలు కుట్టి, మనుమరాలు లాలికి ఏడాదికి రెండుసార్లు జ్వరం. గుంట మూస్తే మురుగు మళ్ళీ ఎవరి గడపకు వస్తుందో ఆమెకు వేరే చెప్పాలా?

మరి చుట్టం వస్తుంటే ఊడ్చి అలకకుండా ఉంటామా? సంత మానుకుని ముప్పై గడపలూ తిరిగింది.

"సారు పోయేదాక ఒక్క చుక్క మురుగు వదలొద్దు. తానాలు, బట్టలు అన్నీ వాగుకాడనే!"

కాలువ కడిగింది. ముందు తొట్టి తోడి, రుద్ది, ఎండబెట్టింది. తెల్లవారి లేచి గట్టంతా పేడతో అలికి ముగ్గు కూడా పెట్టింది.

పెద్ద సారు చెంచురామయ్య చేతిలో చిన్న మీటరుతో వచ్చాడు. నీళ్ళలో ముంచితే మురికి ఎంత ఉందో అది అంకెతో చెబుతుంది. ఆయన ముందు తొట్టిలోకి వంగి చూశాడు.

"మురుగేదమ్మా?"

"లేదు సారూ! ఒక్క చుక్క లేదు," అంది జంపక్క గర్వంగా.

"లేకుంటే నేనేం చూడాలె? ఇటు మురుగు రావాలె, అటు తేట నీళ్ళు పోవాలె. గప్పుడే గదా గుంట పనిచేసినట్టు!"

సారు వెంట వచ్చిన సుజాత జంపక్కను పక్కకు లాగింది. "అవ్వా, జల్దీ మురుగు తెప్పియ్యి!"

తెప్పించవచ్చు. కానీ పెద్ద సారు ముందు 'మా ఇంటి మురుగు ఇదీ' అని పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? పక్కింటి కమ్లి బిందెడు మంచినీళ్ళలో ఒక్క గిన్నె ఆడించి తెచ్చింది. ఎదురింటి దేవ్లా బకెట్ నీళ్ళలో రెండు వేళ్ళు ముంచి తెచ్చాడు.

"మా ఇంట్ల మురుగు గింతే సారూ. మేం జర శుభ్రంగ ఉంటం," అని కమ్లి బిందె వైపు ఓరగా చూశాడు.

కమ్లి ఊరుకుంటుందా? గిర్రున తిరిగి పోయి, ఇంకా తేటవి తెచ్చి పోసింది.

సారు మీటరు ముంచాడు. ముందు తొట్టి, రెండు. చివరి తొట్టి, తొమ్మిది. మీటరు దులిపి మళ్ళీ ముంచాడు. అదే లెక్క.

"ఏందమ్మా ఇది? మీ గుంట మంచినీళ్ళను మురికి చేసి పంపుతున్నదా?"

"గట్లెట్ల సారూ! చివరి తొట్లున్నది మొన్నటి మురుగు. గదే తేటపడ్డది!"

"మొన్నటి సంగతి నాకేం ఎరుక? ఇయ్యాల చూసింది రాస్త." పెన్ను తీశాడు. రాస్తూ రాస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సారూ, ఆడ పచ్చిగున్నది, అలికిన..." అని జంపక్క అనేలోపే ఆయన ముగ్గు మీద జారి, గట్టు పక్కన మిగిలిన పేడకుప్పలో వెల్లకిలా పడ్డాడు. మీటరు మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు పాపం.

చుట్టాన్ని అలా పంపితే ఊరి పరువేం కాను? తడిక చాటున వేణ్ణీళ్ళు, కుంకుడు రసం పెట్టారు. నాలుగు బకెట్లు పట్టింది. పచ్చటి చిక్కటి నీళ్ళు కాలువలో బుడబుడమంటూ వచ్చి ముందు తొట్టి నింపాయి.

దేవ్లా ఇచ్చిన లుంగీ కట్టుకుని సారు బయటికి వచ్చేసరికి జంపక్క తొట్టి దగ్గరే నిలబడి ఉంది.

"ఇగ ముంచు సారూ."

ముందు తొట్టి, నాలుగు వందల పన్నెండు. చివరి తొట్టి, తొమ్మిది.

సారు పాత కాగితం చింపి కొత్తదాని మీద 'గుంట పనిచేస్తున్నది' అని రాశాడు. కింద 'మురుగు ఎవరిది' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. లుంగీ బిగించుకుని, అటూ ఇటూ చూసి, చిన్న అక్షరాలతో 'సందర్శకులు' అని నింపాడు.

ముప్పై ఇళ్ళున్న ఊళ్ళో ఆ రోజు రికార్డుకెక్కిన మురుగు చుట్టానిదొక్కటే.