అక్షరాల మీది ఖాళీ

ఆ రోజుకి ఆమె పెట్టుకున్న పనులు రెండే. డెంటిస్టుగారి వెబ్‌సైటులో ఒక్క బటన్ సరిచేయడం, నాలుగింటికల్లా కూతురి స్కూల్లో నాటకానికి వెళ్ళి కూర్చోవడం. పోయిన రెండుసార్లూ ఆమె వెళ్ళేసరికి తెర పడిపోయింది. "ఈసారి నేను రాణినమ్మా. మొదట్నుంచీ చూడాలి," అంది కూతురు షూ లేసు కట్టించుకుంటూ. ఆమె ఒట్టు వేసింది.

బటన్ మీద అక్షరాలు కాస్త కిందికి దిగాయని డెంటిస్టుగారి ఫిర్యాదు. మూడింటికల్లా తేల్చమన్నారు. వెబ్ పేజీలో అక్షరాల పైనా కిందా కొంత ఖాళీ తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. దాన్ని కత్తిరించే ఆదేశం ఒకటి కొత్తగా వచ్చింది, ఒక్క లైనే. బటన్‌కి రాసి ఊరుకోవచ్చు. చేసే చేయి ఊరుకోలేదు, సైటు మొత్తానికీ రాసేసింది. అదృష్టం, అది ఇంకా ఆఫీసులో పెట్టుకున్న సైటు నకలులోనే ఉంది, జనం చూసే సైటులోకి ఎక్కలేదు.

శీర్షికలు గీతల మీదికెక్కాయి. ఫోన్ నంబరు వెళ్ళి అడ్రసు మీద పడింది. డెంటిస్టుగారి పేరు పైకి జరిగి, ఫోటోలో ఆయన నవ్వుతున్న పళ్ళకి అడ్డంగా కూర్చుంది. కిందికి నెడితే పనివేళలు మాయమయ్యాయి. వాటిని లాక్కొస్తే పేరు ఈసారి ముక్కు మీదికొచ్చింది.

"ఇదేం గోల బాబాయ్?"

ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే సీనియర్ తల గోక్కున్నాడు. "ఆ ఖాళీ నాకూ నచ్చేది కాదమ్మాయ్. కనబడ్డ చోటల్లా అక్షరాల్ని కాస్త పైకి లాగేవాణ్ణి. ఐదేళ్ళుగా."

"ఎన్నిచోట్ల?"

"సిగ్గేసి లెక్కపెట్టలేదు."

ఖాళీ పోయింది, బాబాయ్ లాగుడు మిగిలింది. ఆమెకి కోపం వచ్చింది గానీ, ఆయన అప్పటికే టిఫిన్ డబ్బా పక్కకి నెట్టి కుర్చీ లాక్కున్నాడు. ఇద్దరూ కలిసి నలభై ఒక్క చోట్ల ఆ లాగుళ్ళు తీసేశారు. మూడుకి ఐదు నిమిషాలుండగా పేజీ అద్దంలా తేరుకుంది. అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా, పొద్దున మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశాను," అన్నారు డెంటిస్టుగారు. "నాది పెట్టుకుంటే అంతా బ్రహ్మాండంగా ఉంది. ఏమీ ముట్టుకోకండి!"

బాబాయ్ టిఫిన్ డబ్బా మళ్ళీ దగ్గరికి లాక్కుని, "నువ్వు పదమ్మా, తెర లేచిపోతుంది," అన్నాడు.

తెర లేచేసరికి ఆమె ముందు వరుసలో ఉంది. రాణిగారు వచ్చారు. కిరీటం తల మీద కూర్చోకుండా కొప్పు మీద రెండు వేళ్ళ ఎత్తున తేలుతోంది. తల్లిని చూడగానే రాణి దర్పమంతా మరిచి పళ్ళికిలించింది. ఆమెకి కళ్ళు చెమర్చాయి.

"కిరీటం కాస్త కిందికి సర్దమంటారా?" పక్కనున్న టీచరు గుసగుసగా అడిగింది.

"వద్దండీ, దండం పెడతాను," అందామె. "ఆ ఖాళీ జోలికి మాత్రం వెళ్ళకండి."