ఆగమ్మ అరువిచ్చిన బిళ్ల

ఆ సోమవారం పొద్దున కాత్యాయని పెట్టుకున్న పని చిన్నదే. చాయ్ తాగి, ధామన్కర్ నాకా కూడలిలో రిక్షా ఎక్కి, కల్యాణ్‌లో లోకల్ రైలు పట్టుకుని, ముంబైలోని పరిశోధన కేంద్రానికి తిరిగి చేరాలి. క్యాన్సర్ మీద రేడియేషన్ ఎట్లా పనిచేస్తుందో నేర్చుకునే యువ శాస్త్రవేత్తల శిక్షణకు ఆమె ఈ మధ్యే ఎంపికైంది. గణపతి సెలవులకు కనేరిలోని ఇంటికి వస్తూ, అక్కడే వదిలిరావాల్సిన బ్యాడ్జిని పొరపాటున వెంట తెచ్చుకుంది. దాన్ని ఛాతీ మీద పెట్టుకుంటే ఆ మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తేలుతుంది. పోగొట్టినవాళ్లకు శిక్షణలో సీటు ఉండదని ముందే చెప్పారు. అందుకే రాగానే గోడ మేకుకు తగిలించింది.

ఇప్పుడు మేకు ఉంది. బ్యాడ్జి లేదు.

"నాయినమ్మా, గోడకున్న నా బిళ్ల ఏది?"

"కనుకయ్యకిచ్చిన," అంది ఆగమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ. "దగ్గుతున్నడని ఎక్స్‌రే తీయించుకోమన్నరట. అండ్ల రేడియేషన్ ఉంటదట గద. గా బిళ్ల లేకుంటె మిమ్ముల రేడియేషన్ గదిలకే రానియ్యరని నువ్వే అంటివి."

"అంటే?"

"అంటే ఏంది? గా బిళ్ల ఉంటె ఏం కాదన్నట్టే గద."

కాత్యాయనికి కోపం వస్తే గొంతు లేవదు. చెవులు మాత్రం కాలిపోతాయి. "అది కాపాడదు నాయినమ్మా. కొలుస్తది, అంతే."

"కాపాడనిదాన్ని పెట్టుకునుడెందుకు?"

కాత్యాయని తండ్రి లక్ష్మీనర్సయ్య దగ్గర కనుకయ్య సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. కాత్యాయని షెడ్డుకు పోయేసరికి ఒక్క సాంచా చప్పుడూ లేదు. పనివాళ్లంతా గోడకు ఒరిగి, ఒళ్లో ఎక్స్‌రే కవర్లు పెట్టుకుని కూర్చున్నారు.

"వచ్చినవా సైంటిస్టూ," అన్నాడు లక్ష్మీనర్సయ్య పళ్లు కొరుకుతూ. "చెప్పు. అందరి ఛాతిల ఒక్కతీరు మచ్చ ఎట్లొచ్చింది? సాంచెల దుమ్ముతోనట. నన్నే దొంగను చూసినట్టు చూస్తున్నరు."

కనుకయ్య తన కవర్లోని ఫిల్మును ఆమె చేతిలో పెట్టాడు. "డాక్టర్‌కు అనుమానమొచ్చి మళ్లొక ఫొటో తీసిండు బిడ్డా. మొదటి దాంట్ల మచ్చ ఎడమ దిక్కుండె. రెండో దాంట్ల నడుమకొచ్చింది. తిరుగుతున్నదన్నడు. ఊరికి పోయి పిల్లల మొఖం చూసుకుందామనుకుంటున్న."

ఆమె ఆ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసింది. పక్కటెముకల మధ్య, అంగీ గుండీల్లా, గుండ్రటి మచ్చలు వరుసగా ఉన్నాయి. తన బ్యాడ్జిలోని రేకు బిళ్లల నీడలు అవి. ఆమె చెవులు మండాయి.

"మామా, ఫొటోకు బిళ్ల ఎక్కడ పెట్టుకున్నవు?"

"దారం కట్టి బనీను లోపలేసుకున్న. ఒంటికి తాకాలన్నది ఆగమ్మత్త. నా మచ్చ చూసి భయపడి మావోళ్లందరు ఫొటోకు పోయిండ్రు, బిళ్ల అట్లనే ఏసుకున్నరు. అడిగినోళ్లకు లేదనలేదు, పుణ్యాత్మురాలు."

"ఇప్పుడెవరి దగ్గరున్నది?"

"మాతోని పనిచేసే చిన్నయ్య ఏసుకున్నడు. గిప్పుడే ఫొటోకు నాకాకు పోయిండు."

ఆమె నాకాలోని ఎక్స్‌రే సెంటర్‌లోకి ఉరికేసరికి, మహేంద్ర డాక్టర్ చిన్నయ్య ఫిల్మును లైటు ముందు పెట్టి మురిసిపోతున్నాడు. "కనేరిలనే ఉన్న కొత్త జబ్బు ఇది. పేపరోళ్లకు కూడ చెప్పిన."

"అది జబ్బు కాదు సార్."

"నువ్వెవరు?"

"క్యాన్సర్ పరిశోధన నేర్చుకుంటున్న."

"నేర్చుకో మరి. ఖాలీపీలీ, ఉత్తగ నా పేషంట్లను గాబరా పెట్టకు."

ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరుగని కాత్యాయని చిన్నయ్య మెడలోని దారం పట్టి లాగింది. బ్యాడ్జి బయటికి వచ్చి వేలాడింది.

"ఒక మనిషి బనీను విప్పించే తీరిక లేదు మీకు," అంది. "మచ్చ తిరుగుతున్నదని మళ్ల మళ్ల ఫొటోలు తీసేటందుకు మాత్రం ఉన్నది. పేపరోళ్లకు ఇది కూడ మీరే చెప్పుండ్రి."

డాక్టర్ ఫిల్మును చూశాడు, బ్యాడ్జిని చూశాడు, తర్వాత ఫ్యాన్‌ను చూశాడు. చిన్నయ్య మాత్రం దారం వదల్లేదు. "గుంజుకోకు బిడ్డా, నాకింకో ఫొటో ఉన్నదట."

సాయంత్రానికి సాంచెలు మళ్లీ మోగాయి. కాత్యాయని బతుకు మాత్రం దారికి రాలేదు. కేంద్రంలో బ్యాడ్జి లెక్క చూసిన శిక్షణ మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇది సెలవులకు ఇంటికి వెళ్లిన మనిషి లెక్కలా లేదు. యంత్రంలో కాపురం పెట్టినట్టుంది."

కాత్యాయని ఏదీ దాచకుండా చెప్పింది. మేడమ్ నవ్వలేదు. "నమ్ముతున్నాను. సీటు పోదు. కానీ మీ గల్లీ తిన్న రేడియేషనంతా నీ పేరు మీద పడింది. విచారణ తేలేదాకా నువ్వు రేడియేషన్ గదిలో అడుగు పెట్టకూడదు."

తోటివాళ్లు ఆ గదిలో ప్రయోగాలు నేర్చుకుంటుంటే, ఆమె బయట గాజు సీసాలు కడిగింది. కోపానికి రెండు పగిలాయి కూడా. ఆ మంట చల్లారకముందే పీసీఓకు పోయి ఇంటి పక్కవాళ్లకు ఫోన్ చేసి, ఆగమ్మను పిలిపించింది.

"సూసినవా నీ పుణ్యం? నన్ను గా గదిలకు పోనిస్తలేరు."

"అసలుకే పోనిస్తలేరా?"

"గడప తొక్కనిస్తలేరు."

"అయితే నీ ఒంటికి రేడియేషన్ తాకదన్నట్టేనా?"

"తాకదు," అంది కాత్యాయని పళ్ల బిగువున.

"మరి బిళ్ల కాపాడదంటివి?"