వంట రాని వెంకటేశ్వరి

శుక్రవారం పొద్దున గల్ఫులో, తాను పనిచేసే ఎగైలాలోని మామా ఇంటి వంటగదిలో నిలబడి వెంకటేశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎముకల్లేని కోడిమాంసాన్ని ముక్కలుగా కోసి, పెరుగు, నిమ్మరసం, వెల్లుల్లి, కారం పట్టించి డబ్బాలో పెట్టుకోవాలి. బస్సెక్కి మహబూలా వెళ్లాలి. మొగుడు అంజి ఉండే ఫ్లాటులో ఆ ముక్కల్ని బ్రెడ్డు పొడిలో దొర్లించి, ట్రేలో పేర్చి, ఓవెన్లోకి తోయాలి. క్రికెట్ మ్యాచ్ మొదలయ్యే వేళకు ముక్కలు ఎర్రగా కాలి ఉంటాయి. సోమేశ్వరరావు సారు ఒక ముక్క తింటాడు, ఇంకోటి అడుగుతాడు, గది ఇస్తానంటాడు. అంతే.

ఈ వంట ఆ ఇంటి అరబ్బు యజమానురాలు మామా నేర్పిందే. ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజు కొడుకులు స్నేహితులతో దిగితే మామా చేయించేది ఇదే. “సహ్లా, సహ్లా,” అనేది ప్రతిసారీ. సులువు, సులువు అని. నిజంగానే నూనె చిందదు, పక్కన నిలబడి తిప్పే పని లేదు. ముందుగా ఓవెన్ వెలిగించి, అది వేడెక్కేలోపు ముక్కలు సిద్ధం చేసుకోవాలి. గుర్తు పెట్టుకోవలసింది అదొక్కటే.

గది సంగతి మాత్రం అంత సులువు కాదు. వెంకటేశ్వరి మామా ఇంట్లో ఉంటుంది, అంజి అల్ రాయ్‌లో ఒక గోడౌన్‌లో పని చేస్తూ ఐదుగురు మగవాళ్లతో కలిసి మహబూలాలో ఉంటాడు. ఆలుమగలు కలుసుకునేది శుక్రవారం ఒక్కరోజే. ఆమె రాగానే ఆ ఐదుగురూ మర్యాదగా లేచి వెళ్లి మెట్ల మీద కూర్చునేవారు. వాళ్లు బయట అంత మర్యాదగా కూర్చుని ఉంటే లోపల వీళ్లకు ఒక్క మాటా వచ్చేది కాదు. సముద్రం ఒడ్డున సిమెంటు దిమ్మె మీద కూర్చుందామంటే ఎండ. ఇలా ఉండగా, అంజి పైఅధికారి సోమేశ్వరరావు తన ఫ్లాటులో ఒక గది ఖాళీ అవుతోందన్నాడు. ఆయన అమలాపురం వైపు మనిషి, భార్య సూరాయమ్మతో పక్కవీధిలోనే ఉంటాడు. గది అడిగినవాళ్లందరికీ ఆయన చెప్పే జవాబు ఒకటే, చూద్దాంలే అని.

అంజి ఆ చూద్దాంలేను అవునుగా మార్చాలని నెల రోజులుగా మధ్యాహ్నం భోజనాల దగ్గర పెళ్లాం వంటను పొగుడుతున్నాడు. పొగిడిన ప్రతిసారీ సోమేశ్వరరావు మాటాపలుకూ లేకుండా తల వంచుకుని తింటాడట. నోరూరి మాట రావడం లేదని అంజి తేల్చుకున్నాడు. మ్యాచ్ చూడ్డానికి రమ్మని పిలిచాడు.

వెంకటేశ్వరి ఫ్లాటు చేరేసరికి అంజి గట్టు నిండా గ్లాసులు కడిగి బోర్లిస్తున్నాడు.

“ఎవరెవరు వస్తాండారు?” అంది డబ్బా కింద పెడుతూ.

“సారొక్కడే.”

“ఒక్క మనిషికి ఇన్ని గ్లాసులా?”

అంజి గ్లాసుల వంక తానూ ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. “సారొస్తాండాడని మన రూములో వాళ్లకు చెప్పకుంటే ఎట్ల? కింద ఫ్లాటులో మన రాయచోటి పిల్లోళ్లుండారు, వాళ్లకు చెప్పినా. వాళ్లకు చెప్పి ఎదురింటోళ్లకు చెప్పకుంటే అలుగుతారు. ఎదురింటోళ్లకు చెప్పేటప్పుడు వాళ్ల బావమరిది ఆడనే ఉన్నాడు.”

“ఆపు. మొత్తం ఎంతమంది?”

“నేను చెప్పింది పది పన్నెండు మందికే. వాళ్లు ఎవరికి చెప్పినారో నాకేం తెలుసు?”

వెంకటేశ్వరి డబ్బా మూత తీసి ముక్కల్ని చూసుకుంది. మనిషికి రెండు కూడా రావు. ఈలోగా ఏసీ మెకానిక్ సత్యప్రసాద్, అదే ఫ్లాటు మనిషి, రాళ్లలా గడ్డకట్టిన రెండు కోళ్లను సంకలో పెట్టుకుని వచ్చాడు.

“మీరు కంగారు పడకండక్కా. బకాలా కొట్లో ఇవే ఉన్నాయండి. కుళాయి తిప్పితే వేణ్ణీళ్లే వస్తాయి కదండీ, కింద పెట్టేత్తే కరిగిపోతాయి.”

“ఇవి కరిగేసరికి మ్యాచ్ అయిపోతాది, తమ్ముడూ.”

“పోనీ వేపుడు చేసేత్తే సరిపోద్ది కదండీ. మా ఊళ్లో అయితే కోడిని డబ్బాలో పెట్టి తలుపేసి దాని ఖర్మకి దాన్ని వదిలెయ్యరండి.”

ఆమె ఓవెన్ వైపు తిరిగింది. నాలుగు పొయ్యిలు పైన, ఓవెన్ కింద, పాతదే అయినా పెద్దది. అద్దానికి ఎవరో నూనె చిందకుండా అల్యూమినియం రేకు అతికించారు. మామా ఇంట్లో చేసినట్టే మీట చివరిదాకా తిప్పింది. లోపల భగ్గుమని అంటుకున్న చప్పుడైంది. పనిచేస్తోంది కదా అనుకుని బ్రెడ్డు పొడి పొట్లం విప్పింది.

కాసేపటికి వంటగదిలో కమ్మటి, తియ్యటి వాసన లేచింది.

“ఆహా,” అన్నాడు సత్యప్రసాద్ కళ్లు మూసుకుని. “మాట వెనక్కి తీసుకుంటున్నానండి. ఇదండీ వంటంటే.”

“సారు మెట్ల కాడ్నే పడిపోతాడు,” అన్నాడు అంజి.

వెంకటేశ్వరి చేతిలోని ముక్కను చూసింది, ట్రేను చూసింది. “చికెన్ ఇంకా ఈడనే ఉండాదే,” అంది.

ముగ్గురూ ఓవెన్ వంక చూశారు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో నిద్రపోతున్న బాలసుబ్బయ్య లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. ఆ ఫ్లాటులో అందరికంటే పెద్దవాడు, నాలుగేళ్ల తర్వాత బుధవారం ఊరికి వెళుతున్నాడు. గుమ్మంలో నిలబడి గాలి పీల్చాడు. వెలుగుతున్న మీట కనిపించింది. ఆయన చెయ్యి నెమ్మదిగా లేచి నెత్తిమీదికి వెళ్లింది.

మహబూలాలో ఒంటరి మగవాళ్ల ఫ్లాటుల్లో ఓవెన్ అంటే బీరువా. ఎలుకలు దూరవు, బొద్దింకలు దూరవు, తోటివాళ్ల చేతులు దూరవు. మామా వంటగది తప్ప మరొకటి చూడని వెంకటేశ్వరికి ఈ సంగతి తెలిసే వీలు లేదు. తలుపు తీసేసరికి బాలసుబ్బయ్య ఊరికి కొన్న చాక్లెట్లన్నీ కలిసి ఒకే చాక్లెట్ అయి ఇనప జాలీ మీది నుంచి కారుతున్నాయి. అల్లుడికి కొన్న బూట్లు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉన్నాయి. చుట్టాలకు పంచడానికి తెచ్చిన తలనొప్పి బామ్ డబ్బాలు మూతలు ఎగిరి బుసబుస పొంగుతున్నాయి.

“ఓవెన్లో సామానుందని నాకెందుకు చెప్పలేదు?” అంది వెంకటేశ్వరి మీట కట్టేస్తూ.

“ఓవెన్లో సామాను కాకుండా ఇంగేం పెడతారు?” అన్నాడు అంజి. అడగడంలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

బామ్ ఆవిరి ఒక్క ఊపున గదిని నింపేసింది. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ముందు వెంకటేశ్వరికి కళ్లు మండాయి, తర్వాత అంజికి, తర్వాత సత్యప్రసాద్‌కి. నిమిషంలో నలుగురి కళ్ల నుంచీ నీళ్లు ధారలు కట్టాయి. బాలసుబ్బయ్యకు అవి బామ్ వల్ల వచ్చినవో, బూట్ల వల్ల వచ్చినవో చెప్పడం కష్టం. ఆయన ఓవెన్ ముందు చతికిలబడి నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

మ్యాచ్ కోసం వచ్చిన కింది ఫ్లాటు కుర్రాళ్లు తలుపు తోసి చూసింది ఈ దృశ్యాన్ని. పెద్దాయన నేల మీద ఉన్నాడు, చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. బుధవారం ఆయన ఊరికి వెళుతున్నాడని వాళ్లకు తెలుసు. గల్ఫులో ఇలాంటి చావు కబుర్లు చూసినవాళ్లకు ఇంక వివరం అక్కర్లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పులు బయట విడిచి, ఫోన్లు సైలెంటులో పెట్టి, గోడ వారగా కూర్చున్నారు. వాళ్లలో ఒకడు బయటికి వెళ్లి మిగతావాళ్లకు కబురు చెప్పాడు.

మ్యాచ్‌కి పిలవనివాళ్లు కూడా దీనికి వచ్చారు. ఎదురింటివాళ్లు వచ్చారు, వాళ్ల బావమరిది వచ్చాడు, పక్క బిల్డింగులో కడపవాళ్లు అరటిపండ్ల గెల తెచ్చారు. వచ్చినవాళ్లందరికీ గడప దాటగానే కళ్లు మండి ఏడుపొచ్చేది. అది చూసి వెనకాల వచ్చేవాళ్లు మరింత కదిలిపోయేవారు. వాసన మీద పోట్లాడదామని పైకి వచ్చిన హారిస్, ఆ బిల్డింగు కాపలాదారు, గుమ్మంలోనే గొంతు తగ్గించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని దిగిపోయాడు. మళ్లీ వచ్చి ఒక నీళ్ల సీసాల పెట్టె గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

“చిన్నాయనా, లెయ్యి,” అని వెంకటేశ్వరి బాలసుబ్బయ్య భుజం తట్టింది. “అన్నీ మళ్లీ కొంటాం. అందరూ తప్పుగా అనుకుంటాండారు.”

“నా అల్లుడి కాళ్ల సైజు దొరికేదానికి ఎన్ని అంగళ్లు తిరిగినానో నీకు తెలుసా పాపా,” అన్నాడాయన, కాస్త పైకి వినిపించేలా. గోడ వారగా కూర్చున్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అయితే అల్లుడన్నమాట, అనుకున్నారు.

సోమేశ్వరరావు ఇస్త్రీ చొక్కాతో సరిగ్గా చెప్పిన వేళకే వచ్చాడు. హాలు నిండా కన్నీళ్లు కారుస్తున్న మగవాళ్లు కనిపించారు. టీవీలో మ్యాచ్ మూగగా నడుస్తోంది. మనవాళ్లు వికెట్ తీస్తే కూర్చున్న యాభై మందిలో ఒక్కరు కూడా పెదవి కదపలేదు. ఆయన చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, సత్యప్రసాద్ చెవి దగ్గర వంగాడు.

“ఎవరయ్యా?”

“ఎవరూ కాదండి. చాక్లెట్లండి,” అన్నాడు సత్యప్రసాద్. అతనికి గుసగుసలాడటం రాదు.

హాలంతా విన్నది. ఏడ్చినందుకు సిగ్గు ముందు వచ్చింది, కోపం తర్వాత వచ్చింది, ఆకలి అన్నిటికంటే చివర వచ్చి గట్టిగా కూర్చుంది. అరటిపండ్లు తెచ్చిన కడపాయన గెల వెనక్కి తీసుకోవాలా వద్దా అని చాలాసేపు దాని తొడిమె పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో టీవీ సౌండు పెంచారు. వచ్చినవాళ్లు ఒక్కరూ కదల్లేదు.

ఓవెన్ ఇంక పనికిరాదు. వెంకటేశ్వరి ట్రే పట్టుకుని నిలబడి ఉండగానే సత్యప్రసాద్ పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కించాడు. “నాకు వదిలెయ్యండక్కా,” అన్నాడు. బ్రెడ్డు పొడి అంటిన ముక్కలు, సగం కరిగిన కోళ్లు, అవి కరిగించిన నీళ్లు అన్నీ ఒకేసారి అందులో పడ్డాయి. వద్దనేలోపే అంజి చాలవేమోనని మిగిలిన బ్రెడ్డు పొడి కూడా కుమ్మరించాడు. చివరికి గిన్నెలో తయారైనదాన్ని చూసి బాలసుబ్బయ్య ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

“కోడి ఉప్మా,” అన్నాడు.

సోమేశ్వరరావుకు ప్లేటు అందించింది వెంకటేశ్వరి. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మళ్లీ మొదలుపెట్టి, మింగి, ప్లేటును చాలా నెమ్మదిగా కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆ ప్లేటుతోపాటే గది కూడా పోయిందని ఆమెకు అర్థమైంది. సిమెంటు దిమ్మె, ఎండ, మెట్ల మీద ఐదుగురి మర్యాద, ఇంకెన్నేళ్లో. ఈసారి ఆమె కళ్లు మండటానికి బామ్ కారణం కాదు.

ఆయన ఇద్దరినీ మెట్ల దగ్గరికి పిలిచాడు.

“అంజీ, ఒక మాట చెబుతాను, ఏవనుకోకు. నువ్వు మీ ఆవిడ వంట గురించి చెప్పినప్పుడల్లా నాకు గుండెల్లో రాయి పడేదయ్యా.”

అంజి నోరు తెరిచాడు.

“ఇంతకు ముందు రెండు కుటుంబాలు గది ఖాళీ చేసి పోయింది ఎందుకనుకున్నావు? మా సూరాయమ్మ వంటింట్లో ఇంకో ఆడమనిషి గరిట పట్టుకుంటే భరించదు. పులుసులో బెల్లం వెయ్యాలా అక్కర్లేదా అని ఒకావిడతో ఆరునెలలు మాటల్లేవు. మధ్యలో నలిగింది నేను. ఇక వంట వచ్చిన వాళ్లకి గది ఇచ్చేది లేదని ఒట్టేసుకున్నాను. నీకు ఇవ్వాలని ఉన్నా, నువ్వేమో రోజూ ఆవిడ చేపలంటావు, ఆవిడ బిర్యానీ అంటావు. ఇవాళ తింటే కదా తెలిసింది.” ఆయన వెంకటేశ్వరి వైపు తిరిగి జాలిగా చూశాడు. “తప్పుగా అనుకోకమ్మా. నీకు అస్సలు రాదు కదా?”

“సార్, అది సత్యప్రసాద్ చేసింది, నా పెండ్లాం చేతి వంట మీరు...” అని అంజి అందుకున్నాడు. వెంకటేశ్వరి అతని కాలు తొక్కి, తొక్కిన పాదం తియ్యకుండా నిలబడింది.

ఎగైలాలో మామా అక్కచెల్లెళ్లు వెంకటేశ్వరి చేతి వంట కోసం శుక్రవారం విందుల్ని గురువారానికి మార్చుకుంటారు. రాయచోటిలో ఆమె కలిపిన సంగటి గురించి అత్త కూడా చెడ్డమాట అనలేదు.

“అస్సలు రాదు సార్,” అంది.

“పక్కా కదా?”

“టీ కూడా విరిగిపోతాది సార్.”

సోమేశ్వరరావు ముఖం విచ్చుకుంది. “అయితే ఖలాస్. వచ్చే శుక్రవారం నుంచి మీదే. భోజనం మా ఇంట్లోనే, సూరాయమ్మ వండి పెడుతుంది,” అని మెట్లు దిగిపోయాడు.

ఆ వారంలో మహబూలా అంతటికీ అంజి పెళ్లాం వంట గురించి తెలిసిపోయింది. ఏడ్చినవాళ్లంతా మొహమాటానికి తలా ఒక చాక్లెట్ డబ్బా తెచ్చివ్వడంతో బాలసుబ్బయ్య సామాను విమానం వాళ్లు ఒప్పుకున్నదానికంటే ఎక్కువైంది. బూట్లు మాత్రం అంజి కొన్నాడు, సైజు తప్పింది.

శుక్రవారం కొత్త గదిలో వాళ్లిద్దరూ తలుపు వేసుకుని, మెట్ల మీద ఎవరూ లేకుండా, గంటసేపు మాట్లాడుకున్నారు. తర్వాత సూరాయమ్మ తలుపు తట్టింది. ఆమె వడ్డించిన చేపల పులుసులో ఉప్పు ఎక్కువ, బెల్లం అంతకంటే ఎక్కువ. వెంకటేశ్వరి తల వంచుకుని మొత్తం తినేసింది.

“సిగ్గుపడకమ్మాయ్,” అంది సూరాయమ్మ, కత్తీ పీటా ఆమె ముందుకు జరుపుతూ. “పుట్టగానే ఎవరికొచ్చుద్ది చెప్పు. వారానికొకటి నేర్పుతాను. ఇయ్యాల ఉల్లిపాయ తరుగుదాం, ఏదీ, కత్తి పట్టుకో.”

వెంకటేశ్వరి కత్తిని తిరగేసి పట్టుకుంది.