తిరగడం మానని మీటరు

"ఇళ్లలో గ్యాసు బిల్లు ఎక్కువ రావడానికి కారణం గ్యాసు కాదు, అవగాహన లేకపోవడం!" అని ఇంధన శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఇంత లోతైన మాట ఆ శాఖలో అంతకుముందు ఎవరూ అనలేదు. ఆ లోతుకి అధికారులు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు. అక్కడికక్కడే 'బిల్లును అర్థం చేసుకుందాం' పథకం పుట్టింది. మంత్రిగారు స్వయంగా ఒక మామూలు ఇంటికి వెళ్లి, కెమెరాల ముందు మీటరు వేగం తగ్గించి చూపిస్తారు.

ఆ మామూలు ఇల్లు దర్జీది.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది అతనికి. ఆ ఇంటి గ్యాసు మీటరు పొయ్యి ఆర్పినా తిరుగుతుంది, గీజరు ఆపినా తిరుగుతుంది. గ్యాసు ఆఫీసు చుట్టూ తిరిగి అతని చెప్పులరిగాయి గాని, మీటరు అలిసింది లేదు. బిల్లుకి జడిసి గదిలో గ్యాసు హీటరు ఆపేస్తే, ముసలితల్లి రెండు దుప్పట్ల కింద వణుకుతూ "నాకేం చలి లేదురా" అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఏడుపొస్తోంది. మంత్రిగారు ఒక్కసారి ఆ మీటరును కళ్లారా చూస్తే చాలు, అమ్మ ఈ చలికాలం వెచ్చగా గట్టెక్కుతుంది.

మంత్రిగారు రానే వచ్చారు. ఆయనకి జలుబని హీటరు పూర్తిగా పెంచారు. కెమెరా తీగల కోసం కిటికీలన్నీ బార్లా తెరిచారు. పరివారానికి టీ కోసం ఉన్న పొయ్యిలన్నీ వెలిగించారు. ముసలమ్మ హీటరు పక్కకి కుర్చీ జరుపుకుని, "ఒరేయ్, ఈయన రోజూ వస్తే బాగుణ్ణురా" అంది.

"సార్, మా మీటరు..." అన్నాడు దర్జీ.

"అక్కడికే వస్తున్నాం, తొందరపడకు" అన్నారు మంత్రిగారి వెంట వచ్చిన శాఖ డైరెక్టరుగారు.

మంత్రిగారు పాఠం మొదలుపెట్టారు. "గిన్నె మీద మూత పెడుతున్నావా?"

"పెడుతున్నామండీ."

"అమ్మగారు స్వెటరు వేసుకుంటున్నారా?"

"మూడు వేసుకుందండీ."

"మరి నాలుగోది?"

దర్జీ అమ్మ స్వెటర్లు మళ్లీ లెక్కపెట్టాడు.

"చూశారా!" అని మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "అవగాహన లేదు!"

ఇక్కడ డైరెక్టరుగారి ముందుచూపును మెచ్చుకోకుండా ఉండలేం. మంత్రిగారు చెయ్యెత్తగానే, మీటరుకి ఇవతల ఇంట్లోకి వెళ్లే గొట్టానికున్న కుళాయి కట్టెయ్యమని ఒక మనిషిని ముందే పెట్టారు. గ్యాసు ఆగితే మీటరు ఆగుతుంది. మీటరు ఆగితే పథకం గెలుస్తుంది.

"మూత పెట్టాం. స్వెటరు వేశాం. ఇప్పుడు చూడండి!" అని మంత్రిగారు చెయ్యెత్తారు.

పొయ్యిలు ఆరిపోయాయి. హీటరు ఆరిపోయింది. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది.

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా సార్! గ్యాసు రావట్లేదు, అయినా తిరుగుతోంది! నేను మొత్తుకునేది ఇదే!"

అంత చలిలోనూ డైరెక్టరుగారికి చెమట పట్టింది. గబగబా కెమెరాలు ఆపించారు. మంత్రిగారు మాత్రం మీటరును కన్నార్పకుండా చూస్తున్నారు.

"డైరెక్టర్, మనం గ్యాసు ఇవ్వకపోయినా ఇది తిరుగుతుందా?"

"తిరుగుతోంది సార్... క్షమించాలి."

"బిల్లు వస్తుందా?"

"వస్తుంది సార్."

మంత్రిగారు దర్జీ భుజం తట్టారు. "ఇంత ముఖ్యమైన విషయం ఇన్నాళ్లూ మా దృష్టికి రాకపోవడం పొరపాటేనయ్యా. వారంలో మెకానిక్కులొస్తారు."

ఆ వారమంతా దర్జీ ధైర్యంగా హీటరు వెలిగించాడు. ముసలమ్మ ఒక దుప్పటి మడతపెట్టేసింది. దర్జీని చూసి వీధంతా గర్వపడింది, పక్కింటాయనైతే ఎదురొచ్చి దండం పెట్టాడు.

అన్నమాట ప్రకారం మెకానిక్కులు వచ్చారు. దర్జీ చేస్తున్న పని వదిలేసి పరిగెత్తాడు.

"రండి బాబూ రండి, ఇదిగో, ఊడదీయండి."

పెద్ద మెకానిక్కు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మో, దీని మీద చెయ్యి వెయ్యకూడదండీ. పైనుంచి ఆర్డరు."

"మరెందుకొచ్చారు?"

"మీరు దర్జీ కదా, మీకైతే తేలిగ్గా అర్థమవుతుంది" అన్నాడు అతను, సంచీలోంచి పనిముట్లు తీస్తూ. "ఇది ఆది జాకెట్టు లాంటిదండీ. దీన్ని చూసి వీధిలో మిగతావన్నీ సరిచెయ్యమన్నారు."