కళ్ళజోడు పెట్టుకున్నారా?

కుక్కపిల్ల అడ్డొచ్చినా, ఎండుటాకు అడ్డొచ్చినా ఒకేలా ఆపేస్తాడని ఆ బస్సు డ్రైవరుకు డిపోలో బ్రేకేశ్వరరావని పేరు పెట్టారు. అంతటివాడూ భార్య నోటికి మాత్రం పద్దెనిమిదేళ్ళుగా బ్రేకు వెయ్యలేకపోయాడు.

రోజూ ఆయన గడప దాటబోతుంటే ఆవిడ కుట్టుమిషను ముందునుంచి లేచొచ్చి, "కళ్ళజోడు? లైసెన్సు? ఫోను?" అని అడిగేది. ఆయన "ఊఁ, ఊఁ, ఊఁ" అనేవాడు. పక్కవాటా పసిపిల్ల కూడా ఆయన్ని "కళ్ళజోలూ?" అని పలకరించడం మొదలెట్టాక ఆయనకు తల కొట్టేసినట్టయింది.

జవాబు దొరక్కపోతే ఏ అలవాటైనా దానంతటదే ఎండిపోతుందని రేడియోలో ఎవరో డాక్టరు చెప్పగా విన్నాడు. మర్నాటినుంచి మౌనం పట్టాడు.

మూడు రోజులు ఆవిడ అడిగింది. నాలుగో రోజు నోరు తెరిచి, మూసేసింది. ఆరో రోజు మిషను మీదనుంచి తలే ఎత్తలేదు. ఆయన విజయగర్వంతో మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

నలభైమంది ఎక్కి కూర్చున్నాక జేబు తడుముకుంటే కళ్ళజోడు లేదు!

"జోడు లేకుండా స్టీరింగు ముట్టుకుంటే ఊరుకోను," అన్నాడు కంట్రోలరు. జనం తిట్టుకుంటూ దిగిపోయారు. ఒక ముసలాయన మాత్రం ఆగి, "ఇంట్లో చెప్పేవాళ్ళెవరూ లేరా బాబూ?" అని జాలిపడ్డాడు. తిట్లకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఉడుక్కుంటూ ఇంటికొచ్చాడు. కళ్ళజోడు అద్దం దగ్గరే ఉంది.

"నువ్వు చూళ్ళేదా?"

"చూశాను."

"మరి చెప్పవేం?"

"నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మొదట్లో గుండె దడదడలాడేదండీ. తర్వాత హాయిగా ఉంది." ఆవిడ దారం కొరికి, నెమ్మదిగా అంది. "ఇన్నేళ్ళూ నా బుర్రలో సగం మీ సామానుకే ఇచ్చేశాను. ఖాళీ చేశాకే తెలిసింది, ఎంత చోటుందో."

ఆయన ఇన్నాళ్ళూ జ్ఞాపకశక్తి తనదేననుకున్నాడు. తనది వట్టి "ఊఁ" మాత్రమే.

"పోనీ, రేపట్నుంచి మళ్ళీ అడుగుదూ."

"అలవాటు తప్పిందిగా! పైగా పొద్దున్నే నాకు బట్టల కటింగు క్లాసుంది. చేరాను."

మర్నాడు గుమ్మంలో నిలబడి ఆ మూడు ప్రశ్నలూ తనే వేసుకున్నాడు, తనే తడుముకున్నాడు. "అన్నీ ఉన్నాయి!" అని కేకేశాడు.

ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని వీధి మలుపు దగ్గరుంది. "అయితే తాళం వేసుకుని వెళ్ళండి!" అని అక్కడినుంచే అరిచింది.

ఆ ఇంటికి ఆయన తాళం వెయ్యడం అదే మొదటిసారి. తాళంకప్ప ఎక్కడుంటుందో తెలియక, మళ్ళీ లోపలికి నడిచాడు.